బొడ్డుతాడు కొట్టుకున్నంతసేపు

ఆ ఆస్పత్రి కాన్పుల వార్డులో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న పెద్ద నర్సుకి కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. జీతాల కాగితం మీద తప్ప అది ఎక్కడా కనపడదు, వినపడదు. డాక్టర్ల నుంచి గదులు తుడిచేవాళ్ల దాకా అందరికీ ఆవిడ ఆగమ్మ. ఆ పేరు ఊరికే రాలేదు. నొప్పులు పడుతున్న తల్లి తొందరపడి ముక్కబోతే "ఆగమ్మా" అంటుంది. కత్తెర పట్టుకుని మీదికొచ్చే కుర్ర డాక్టరమ్మని "ఆగమ్మా, రైలేం వెళ్లిపోవట్లేదు" అంటుంది. బయట తలుపు బాదే నాయనమ్మల్నీ అదే మాటతో కూర్చోబెడుతుంది. అన్నేళ్లు అందరినీ ఆగమని ఆగమని, చివరికి ఆ మాటే ఆవిడకి పేరై కూర్చుంది.

అన్నిటికన్నా ఎక్కువగా ఆగమనేది బొడ్డుతాడు దగ్గర. బిడ్డ బయటపడగానే తాడుకి క్లిప్పు బిగించి కోసేయడం అప్పట్లో అందరి పద్ధతి. ఆగమ్మ ఒప్పుకునేది కాదు. ఎడమచేతి రెండు వేళ్లు తాడు మీద వేసి, లోపల కొట్టుకుంటున్న నాడిని లెక్కపెట్టేది. మనసులోనే లెక్కపెడుతున్నానని ఆవిడ అనుకునేది. తాడు కొట్టుకోవడం ఆగి, తెల్లబడి, పిండేసిన గుడ్డపీలికలా మెత్తబడ్డాకే కత్తెర కోసం చెయ్యి చాపేది. మాయలో ఉన్న నెత్తురు బిడ్డది, దానికి రావలసింది దాని ఒంట్లోకి వెళ్లనివ్వకుండా చెత్తబుట్టకి పోస్తారెందుకర్రా అని దెబ్బలాడేది. "నిదానమే ప్రధానం అని ఆవిడ, ఆలస్యం అమృతం విషం అని మనం" అంటూ కుర్రకారు వెనకాల నవ్వుకునేవాళ్లు. తరవాత్తరవాత పుస్తకాలే మారాయి. ఒక నిమిషమైనా ఆగితే బిడ్డకి మంచిదని పైనుంచి కాగితం వచ్చింది. ఆ కాగితాన్ని ఆగమ్మ తన చేత్తోనే గోడకి అంటించి, "వచ్చారా దారికి" అని నడుం మీద చెయ్యేసుకుని వార్డంతా ఒక చుట్టు చుట్టింది. గర్వమంటే గర్వమే. మంచి పని చేసి గర్వపడకూడదని ఎక్కడ రాసుంది?

అలాంటి ఆగమ్మకి ఆగకూడని రోజు ఒకటి వచ్చింది. వేరే ఎవరి కాన్పుకో కాదు, సొంత కూతురి కాన్పుకే వచ్చింది.

కూతురికి అప్పటికే ఆరేళ్ల కొడుకున్నాడు. మనిషి జానెడు, మాటలు కోటలు దాటేవి. అల్లుడిది అద్దాలు కోసి బిగించే దుకాణం. అక్కడికొచ్చే వాళ్లని తండ్రి ఎలా పలకరిస్తాడో చూసి నేర్చుకుని, ఇంటికి ఎవరొచ్చినా "కూర్చోండి, ఏం పని మీద వచ్చారు?" అని వాడే ముందు కుర్చీ లాగేవాడు. అందుకని ఇంట్లో వాడికి పెద్దాయన అని పేరు పడిపోయింది. ఆగమ్మ భర్త పోయి చాలా కాలమైంది. కూతురూ అల్లుడూ మనవడూ ఆవిడతోనే ఉండేవాళ్లు. ఉన్న మూడు గదుల్లోనూ పెద్దాయన పెత్తనమే నడిచేది.

కూతురికి రెండోసారి నాలుగో నెల నడుస్తుండగా పెద్దాయన ఒంటి మీద నల్లమచ్చలు కనపడ్డాయి. ఎక్కడా పడలేదు, ఎవరూ కొట్టలేదు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి నెత్తురు కారేది. పరుగులు తీసేవాడు కాస్తా గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. పరీక్షల మీద పరీక్షలు చేసి, చివరికి రక్తాల డాక్టరు విషయం తేల్చాడు. ఎముకల్లోని మూలుగలో నెత్తురు తయారయ్యే చోటు ఎండిపోతోందన్నాడు. మూడు వారాలకోసారి పరాయి నెత్తురు ఎక్కిస్తూ కొంతకాలం నెట్టుకురావచ్చు కానీ అది ఎల్లకాలం సాగదు. ఎండిన చోట మళ్లీ విత్తనం పడాలి. సొంత తోబుట్టువుదై, అది పిల్లాడికి సరిపోయిందంటే అంతకన్నా కావలసింది లేదు. నలుగురిలో ఒకరికే ఆ పొంతన కుదురుతుందట.

కడుపులో ఉన్న బిడ్డకి పరీక్ష చేస్తే పొంతన కుదిరింది. ఆ రోజు ఇంట్లో అందరూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఏడ్చారు. పెద్దాయన మాత్రం అందరికీ మంచినీళ్లు అందించాడు.

డాక్టరు విడమరిచి చెప్పాడు. బిడ్డ పుట్టాక బొడ్డుతాడులోనూ మాయలోనూ మిగిలిపోయే నెత్తురులోనే ఆ విత్తనాలుంటాయి. దాన్ని సంచిలో పట్టి, బొడ్డు రక్తం దాచే బ్యాంకుకి పంపితే మంచులా గడ్డకట్టించి భద్రంగా ఉంచుతారు. కావలసిన రోజు కరిగించి పెద్దాయనకి ఎక్కిస్తారు. తల్లికీ నొప్పి లేదు, బిడ్డకీ నొప్పి లేదు. అయితే సంచిలో ఎనభై మిల్లీలీటర్లయినా పడాలి, వంద పడితే నిశ్చింత. అరవైకి తగ్గితే పిల్లాడి బరువుకి చాలదు. అంత పడాలంటే బిడ్డ పుట్టిన అరనిమిషంలో తాడు బిగించేయాలి. ఆగినకొద్దీ నెత్తురంతా బిడ్డలోకి వెళ్లిపోతుంది, సంచికేమీ మిగలదు.

అంతా చెప్పి ఆయన ఆగమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఈ ఒక్కసారికి ఆగకండి."

గదిలో అందరూ నవ్వారు. ఆగమ్మ కూడా నవ్వింది.

"నా మనవడి ప్రాణం కన్నా నా పంతం ఎక్కువా డాక్టరుగారూ?" అంది. ఆ మాట ఆవిడ మనస్ఫూర్తిగానే అంది.

కాన్పు అమ్మ చేతుల్లోనే జరగాలని కూతురు పట్టుబట్టింది. సొంతవాళ్ల కాన్పుకి నర్సులు చెయ్యి పెట్టకపోవడం ఆనవాయితీ, చేతులు వణుకుతాయని. ఆగమ్మ చేతులు వణకడం ఎవరూ చూడలేదు కాబట్టి వార్డులో ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆవిడ కూడా నెల ముందు నుంచీ తనకి తానే పాఠం చెప్పుకుంది. బట్టలుతుకుతూ, గిన్నెలు తోముతూ, బిగించు, కొయ్యి, బిగించు, కొయ్యి అని గొణుక్కునేది. పెద్దాయన అది విని పాట కట్టి ఇల్లంతా పాడుకుంటూ తిరిగాడు.

ఆ రోజు మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. డాక్టరమ్మ వచ్చి చూసి, ఇంకో రెండు గంటలు పడుతుందని చెప్పి పక్కన ఇంకొకావిడకి ఆపరేషన్ చేయడానికి వెళ్లింది. గది బయట బ్యాంకు మనిషి చల్లపెట్టె కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు, పక్కన అల్లుడు. లోపల ఆగమ్మకి సాయం ఏడాది కిందట చేరిన కుర్ర నర్సు. బొత్తిగా మాట పెగలని పిల్ల. నెత్తురు పట్టే సంచి, దాని గొట్టం, సూది అన్నీ ఆ పిల్లే సర్దిపెట్టుకుంది.

రెండు గంటలన్నది కాస్తా ఇరవై నిమిషాలకే వచ్చేసింది. కూతురు రెండుసార్లు ముక్కిందో లేదో బిడ్డ జారి ఆగమ్మ చేతుల్లో పడింది.

ఆడపిల్ల. మెడ చుట్టూ తాడు ఒక చుట్టు చుట్టుకుని ఉంటే ఆగమ్మ వేలితో తప్పించింది. బిడ్డ పాలిపోయి ఉంది. కాళ్లూ చేతులూ తోటకూర కాడల్లా వేలాడుతున్నాయి. ఏడవలేదు.

అలాంటప్పుడు ఏం చేయాలో ఆగమ్మకి తెలియక కాదు. తాడు బిగించి, కోసి, ఆరడుగుల దూరంలో ఉన్న బల్ల మీదికి బిడ్డని చేర్చి, ముక్కు మీద తొడుగు పెట్టి ఊపిరి ఊదాలి. వందలమంది బిడ్డల్ని అలాగే దారికి తెచ్చింది. క్లిప్పు ట్రేలో, చేతికి అందేంత దగ్గరలోనే ఉంది. కానీ ఎడమచేతి రెండు వేళ్లు అప్పటికే తాడు మీద ఉన్నాయి. వేళ్ల కింద నాడి కొట్టుకుంటోంది, నెమ్మదిగా, పోదామా ఉందామా అన్నట్టు. ఒకటి. కుడిచెయ్యి బిడ్డ వీపు రుద్దుతోంది. రెండు. మూడు.

"అమ్మా, క్లిప్పు," అంది కుర్ర నర్సు.

ఆగమ్మకి వినపడింది.

"అరనిమిషం అయిందమ్మా."

"ఆగు," అంది ఆగమ్మ.

ఆ మాట ముప్పై ఏళ్లుగా ఎన్ని వేలసార్లు అందో అంత సులువుగానే అంది. వేళ్ల కింద నాడి వేగం పుంజుకుంటోంది. బిడ్డ పెదాలకి రంగొచ్చింది, ఆ తరవాత చెవులకి. ఒక మోకాలు ముడుచుకుంది. లెక్క నూట నాలుగుకి చేరేసరికి పిల్ల నోరు తెరిచి గది దద్దరిల్లేలా ఏడ్చింది. మంచం మీద కూతురు కూడా భోరుమంది. గోడ గడియారంలో నిమిషంన్నర గడిచింది. ఆగమ్మ వేళ్ల మధ్య తాడు తెల్లబడి మెత్తబడిపోయింది.

అప్పుడు గుర్తొచ్చాడు పెద్దాయన.

ఆ తరవాత ఆగమ్మ ఎంత హడావిడి పడిందో చెప్పలేం. బిగించింది, కోసింది, సూది తనే గుచ్చింది, సంచి వీలైనంత కిందికి దించి పట్టుకుంది, మాయ పడ్డాక దాన్ని పైకెత్తి చుక్క చుక్క పిండింది. ఏం పిండితే ఏం లాభం. ఎండిన కుళాయి కిందైనా ఇంకాస్త పడుతుంది. సంచి తూచితే నలభై ఒక్క మిల్లీలీటర్లు.

కాన్పు కాగితంలో బొడ్డుతాడు బిగించిన సమయం రాయడానికి ఒక గడి ఉంటుంది. ఆగమ్మ కలం పట్టుకుని ఆ గడి ముందు కొంతసేపు ఉండిపోయింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ముప్పై సెకన్లు అని రాసింది. తల ఎత్తేసరికి కుర్ర నర్సు ఆ గడినే చూస్తోంది. ఆగమ్మతో చూపులు కలవగానే నేల చూపులు చూస్తూ, నెత్తుటి గుడ్డలు ఏరుకోవడానికి వంగింది.

రక్తాల డాక్టరు ఆ కాగితం చదివి, తాడు సన్నంగా ఉండి ఉంటుంది, కొందరికి అంతే పడుతుంది, ఇందులో ఎవరి తప్పూ లేదు అన్నాడు. ఆ నలభై ఒకటీ బ్యాంకులో ఉండనిద్దామన్నాడు. చంటిదానికి ఏడాది దాటి, పది కిలోల బరువు వస్తే, దాని తుంటి ఎముకలోంచి కొంచెం మూలుగ తీయొచ్చు. దాన్నీ దీన్నీ కలిపి ఎక్కిస్తే పెద్దాయనకి సరిపోతుంది. "అందాకా ఆగుదాం," అన్నాడు. అందరూ తలలూపారు. ఆగమ్మ తన చెప్పుల వైపు చూస్తూ కూర్చుంది.

పెద్దాయన దగ్గర ఏదీ దాచలేదు. వాడే డాక్టరుకి ఎదురుగా కూర్చుని తన అనుమానాలు తీర్చుకున్నాడు. చెల్లెలి నెత్తురు ఎక్కిస్తే తను ఆడపిల్లనైపోతాడా అని అడిగాడు. అలాంటిదేం లేదు, చెల్లెలి రక్తం గ్రూపు మాత్రం వస్తుందని డాక్టరు చెప్పాడు. అయితే సరే, జడ వేసుకోమంటే మాత్రం తన వల్ల కాదని చెప్పి, లేచి ఆయనకి చెయ్యి కలిపి వచ్చాడు.

వార్డులో కొత్త కాటాలు వచ్చాక మూల పడేసిన పాతది ఒకటి ఉంటే ఆగమ్మ అడిగి ఇంటికి తెచ్చింది. పైన పళ్లెం, ముందు గుండ్రటి ముఖం, దాంట్లో ముల్లు. ముల్లు మీది అద్దం పగిలి ఉంటే అల్లుడు కొత్తది కోసి బిగించాడు. పెద్దాయన వాళ్లమ్మ గోళ్ల రంగు తీసి, ఆ అద్దం మీద, సరిగ్గా పది అంకె ఉన్న చోట ఎర్రటి చుక్క పెట్టాడు. అక్కడికి ముల్లు చేరాలి. ఆ ఇంట్లో అందరి బతుకూ ఆ చుక్క చుట్టూ తిరిగింది.

ప్రతి ఆదివారం పొద్దున్న చంటిదాన్ని తూచేవాళ్లు. తూకం చెప్పే పని పెద్దాయనది. నాలుగు కిలోలు. అయిదు కిలోల ఆరు వందలు. ఒక వారం జలుబు చేసి చంటిది రెండు వందల గ్రాములు తగ్గితే పెద్దాయన అలిగి అన్నం మానేశాడు. దాని పక్కన కూర్చుని అరటిపండు గుజ్జు దాని నోట్లో కుక్కుతూ, "తొందరగా తిను తల్లీ, నాకు చాలా పనులున్నాయి" అని బతిమాలేవాడు. అప్పటికే వాడికి నెత్తురెక్కించే గడువు మూడు వారాలు కాస్తా రెండు వారాలైంది. నెత్తురు ఎక్కించిన నాలుగు రోజులు బుగ్గల మీద రంగుండేది, మళ్లీ సున్నం కొట్టిన గోడలా అయిపోయేవాడు. అయినా పెత్తనం తగ్గలేదు. మంచం మీదినుంచే అందరికీ పనులు పురమాయించేవాడు.

చంటిదానికి తొమ్మిదో నెల వచ్చాక ఒక ఆదివారం ముల్లు ఉన్నట్టుండి తొమ్మిదిన్నర మీద నిలబడింది. కిందటి వారం ఎనిమిది మీద రెండు వందలు. అల్లుడి మొహం వెలిగిపోయింది. ఆగమ్మకి అనుమానం వచ్చి వంగి చూసింది. పళ్లెం అంచు మీద పెద్దాయన చూపుడు వేలుంది.

"ఓరి నీ దుంపతెగ, దొంగతూకం వేస్తున్నావా?" అని అల్లుడు పగలబడి నవ్వాడు.

"కొంచెమేగా నాన్నా," అన్నాడు పెద్దాయన. "మనం చెప్పకపోతే డాక్టరుకి ఎలా తెలుస్తుంది?"

కూతురు కూడా నవ్వింది. ఆగమ్మ వంటింట్లోకి వెళ్లి కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో నోట్లో చెంగు కుక్కుకుని ఏడ్చింది. తను రాసిన ముప్పై దొంగతూకం కాదా? అంతకన్నా పెద్ద దొంగతూకం ఏ దుకాణంలో వేస్తారు? ఆ రోజు బిడ్డకి తాడులోని నెత్తురు నిజంగా అవసరమైందా, లేక ముప్పై ఏళ్ల అలవాటు తన చెయ్యి పట్టేసుకుందా? ఆవిడ ఆ తొమ్మిది నెలల్లో ఈ ప్రశ్న తనని తాను అడగని పూట లేదు. కోసేసి బల్ల మీద పెట్టి ఊపిరి ఊది ఉంటే పిల్ల అప్పుడూ ఏడ్చేదేమో. ఏడ్చేదో ఏడవకపోయేదో ఎవరు చెప్పగలరు? ఒక రోజు అవసరమే అనిపించేది, ఇంకో రోజు కాదనిపించేది. ఏది నిజమో ఆవిడకే తెలియదు.

చెప్పేద్దామని ఎన్నోసార్లు కూతురి గదిదాకా వెళ్లింది. కూతురు పిల్లకి పాలిస్తూనో, పెద్దాయన కాళ్లు ఒత్తుతూనో ఉండేది. తల ఎత్తి "ఏంటమ్మా?" అనేది. ఆగమ్మ "ఏం లేదే, దుప్పటి కావాలేమోనని" అనేది. ఆ ఇంట్లో దుప్పట్లకి కొదవ లేదు.

చంటిది ఎనిమిది కిలోల నాలుగు వందలు ఉన్నప్పుడు పెద్దాయనకి జ్వరం వచ్చింది. మొదట మామూలు దగ్గే. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోయింది. ఆస్పత్రిలో పడుకోబెట్టారు. నెత్తురు ఎక్కించారు, మందులు మార్చారు. దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగిందని డాక్టరు చెప్పాడు. ఆయన చెప్పే తీరులోనే ఆగమ్మకి అర్థమైపోయింది. ముప్పై ఏళ్లు ఆస్పత్రి నీళ్లు తాగిన మనిషికి ఒకరు విడిగా చెప్పాలా? అయినా కళ్లముందున్నది కళ్లు నమ్మవు.

మూడో రోజు సాయంత్రం కూతురు చంటిదానికి పాలివ్వడానికి వెళ్తే ఆగమ్మ మంచం పక్కన కూర్చుంది. పెద్దాయన కళ్లు తెరిచి, ముక్కు మీది గొట్టం సర్దుకుని, చెల్లికి పదికి ఇంకెంత ఉందని అడిగాడు.

"ఒక కిలో ఆరు వందలు నాన్నా."

పెద్దాయన కాసేపు లెక్క వేసుకున్నాడు. ఆగమ్మ ఏడుస్తోందని గమనించి, ఆవిడ చెయ్యి తట్టాడు.

"ఆగుతాలే అమ్మమ్మా. నువ్వేం కంగారుపడకు."

ఆగలేదు. రెండో రోజు పొద్దున్నే వెళ్లిపోయాడు. అందరి దగ్గరా తన మాట చెల్లించుకునే పిల్లాడు ఆ ఒక్క మాటా చెల్లించుకోలేకపోయాడు. ఆగమ్మ ఎంతోమందిని ఈ లోకంలోకి దింపిన చేతులతో మనవడి చెప్పులు తీసి అటక మీద పెట్టింది. అల్లుడు నెల రోజులు దుకాణం తెరవలేదు. తెరిచాక మొదటి రోజే అద్దం కోస్తూ చెయ్యి కోసుకున్నాడు. బ్యాంకు వాళ్లు ఫోన్ చేసి, ఆ సంచి ఇంకా ఉంచాలా తీసేయాలా అని అడిగారు. ఉండనివ్వండి అని కూతురు ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. ఆ తరవాత తల్లీకూతుళ్ల మధ్య మాటలు పాలు, బట్టలు, మందులు వీటి దగ్గరే ఆగిపోయాయి.

ఆగమ్మ కాన్పుల గదిలో అడుగుపెట్టలేకపోయింది. పైవాళ్లని అడిగి టీకాల గదికి మార్పించుకుంది. అక్కడ కాటా చెడిపోయిందంటే ఇంట్లోది తిరిగి పట్టుకెళ్లి పెట్టేసింది. ఇంట్లో దాన్ని చూడలేక అదొక సాకు. ఎర్ర చుక్క తుడవడానికి మాత్రం చేతులు రాలేదు. పిల్లల్ని తూచే ప్రతిసారీ ఆ చుక్క వైపు చూడకుండా ముల్లు చూడటం నేర్చుకుంది. వార్డు నుంచి ఎప్పుడైనా ఆ కుర్ర నర్సు మందుల కోసం వచ్చేది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కాదు.

చంటిదానికి పదిహేనో నెల వచ్చింది. టీకా వేయించాల్సిన రోజు మామూలుగా అల్లుడు తీసుకొచ్చేవాడు. ఆ రోజు కూతురే వచ్చింది. మధ్యాహ్నం కావడంతో గదిలో ఇంకెవరూ లేరు. టీకా వేశాక పిల్ల కాసేపు రాగం తీసి ఊరుకుంది. బరువు రాయాలి కాబట్టి ఆగమ్మ పిల్లని ఎత్తి పళ్లెంలో కూర్చోబెట్టింది.

ముల్లు ఊగి ఊగి ఎర్ర చుక్క కింద నిలబడింది.

ఆగమ్మ తనకి తెలియకుండానే వంగి పళ్లెం అంచు వైపు చూసింది. అక్కడ ఎవరి వేలూ లేదు. నిజం తూకమే. ఆవిడ స్టూలు మీద కూలబడింది.

"ముప్పై అని రాశానే," అంది. "ఆ రోజు కాగితంలో. ముప్పై సెకన్లు కాదే. నేను ఆగాను. ఆగొద్దని చెప్పినా..."

"నూట నాలుగు," అంది కూతురు.

ఆగమ్మ తల ఎత్తింది. కూతురు పిల్ల పడకుండా దాని వీపు వెనక చెయ్యి పెట్టి నిలబడి, కాటా వైపే చూస్తోంది.

"మనసులో లెక్కపెడుతున్నా అనుకుంటావు నువ్వు. పైకే లెక్కపెడతావమ్మా. వార్డులో అందరికీ తెలుసు, నీకే తెలీదు. నేను పడుకుని ఒకటి దగ్గర్నుంచీ విన్నాను."

"మరి కొయ్యమని ఒక్క మాట అనలేదేమే?" ఆగమ్మ అడిగింది. నింద వేయడానికి కాదు. ఎవరైనా ఆ రోజు తన చెయ్యి పట్టుకుని ఆపి ఉంటే ఎంత బాగుండునోనని.

కూతురు వంగి పిల్ల గౌనుకి ఊడిన గుండీ పెట్టింది.

"అది ఏడవట్లేదమ్మా. అది ఏడిస్తే చాలనుకున్నాను. ఇంకేం అక్కర్లేదనుకున్నాను. నూట నాలుగు దాకా వాడు నాకు గుర్తురాలేదు. ఒక్కసారి కూడా గుర్తురాలేదమ్మా, కన్నతల్లిని. నువ్వు ముప్పై అని చెబితే నేనూ ముప్పై అనుకుందామని చూశాను. ఎన్ని నెలలు చూశానో. నువ్వు నా గదిలోకి వచ్చినప్పుడల్లా, చెబుతావేమో, చెబితే నేనూ చెప్పేద్దామని. నువ్వేమో దుప్పటి కావాలా అనేదానివి."

ఆగమ్మ లేచి కూతుర్ని పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. చంటిది పళ్లెంలో కూర్చుని వాళ్లని కాసేపు వింతగా చూసింది. ఆ తరవాత వాళ్ల గొడవ వాళ్లదేనని వదిలేసి ముందుకి వంగి, మెరుస్తున్న అద్దం మీద చెయ్యి వేసింది. ఎర్ర చుక్క దొరికింది. దాన్ని గోటితో గీకడం మొదలుపెట్టింది.

ముందు చూసింది కూతురే. తల్లి భుజం వదిలి, వంగి, పిల్ల చిట్టి చెయ్యి పట్టుకుంది.

"ఆగు," అంది. "అది అన్నయ్యది."